మగ్గం కొట్టానికి దక్షిణపు వాకిలి

“అక్కా, లైటూ!”

పెరట్లోంచి ఈ కేక వినపడితే చాలు, ఆ వీధివాళ్ళు తెల్లారిందనుకుంటారు. కోడి కంటే ముందు, గుడి మైకు కంటే ముందు శివపార్వతి గొంతు లేస్తుంది. ఆ గొంతు ముందింట్లో ఉండే తోడికోడలు గంగాదేవి చెవిన పడాలి. ఆమె మంచం దిగాలి. నడవాలో బోర్డు మీద అన్నిటికంటే చివరనున్న స్విచ్చి వెయ్యాలి. అప్పుడు కిటికీ చువ్వల సందులోంచి బయటికొచ్చిన తీగ, బట్టలారేసే దండెం పక్కనే ఊగుతూ పెరడంతా దాటి, చివరనున్న మగ్గం కొట్టంలోకి కరెంటు మోసుకుపోతుంది. ఒక బల్బు, ఒక ఫ్యాను. అంతే. వాటి కింద కూర్చుని నేసే మనిషి ఈ కొసన, వాటి స్విచ్చి ఆ కొసన.

ఎమ్మిగనూరు దాటి తుంగభద్ర వైపు పోయే దారిలో ఉంటుంది ఆ నేతగాళ్ళ ఊరు. ముందిల్లు పెద్దకొడుకు రామలింగప్పది. పెరటి చివరి కొట్టం చిన్నకొడుకు ఉమామహేశ్వరది. తండ్రి పోయేముందు నోటిమాటతో పంచి ఇచ్చాడు: “పెద్దోనికి ఇల్లు, చిన్నోనికి మగ్గాలు.” ఇంటికి మీటరు ఉంది, మగ్గాలకు లేదు. గిన్నెలూ గోడలూ పంచుకున్న అన్నదమ్ములకు కరెంటు మాట గుర్తే రాలేదు.

ఆ చిన్నకొడుకు భార్యే శివపార్వతి. పుట్టిల్లు కోడుమూరు. తెగిన పోగును వేలికొసకు బూడిద అద్దుకుని అతకడం ఆమెకు తండ్రి నేర్పాడు. “ఆ పిల్ల అతికిన పోగు మళ్ళీ ఆ చోట తెగదు” అని విని మామ వెతుక్కుంటూ పోయి కోడలిగా తెచ్చుకున్నాడు. కొట్టంలో రెండు మగ్గాలు, రెండు గుంతలు. తలుపు దగ్గరి గుంతలో ఆమె, దక్షిణపు గోడ పక్కన గుంతలో మొగుడు. ఆమె పోగు తెగితే ఉమామహేశ్వర పేకను మోసే తన నాడె ఆపేసేవాడు. ఆమె అతికిందాకా బీడీ వెలిగించుకుని ఊరికే కూర్చునేవాడు. “నువ్వు నేసుకోపో, నాకోసం ఏమిటికి ఆపేది?” అంటే, “ఒక్కనికే నేస్తే నిద్రొస్తాది” అనేవాడు.

కరోనా రెండో దెబ్బలో అతను పోయాడు. కూతురు శశికళ చదువు ముగించి కడపలో ఒక ఆసుపత్రి ల్యాబులో కుదురుకుంది. కొట్టంలో శివపార్వతి మిగిలింది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, నడుమ మగ్గం. మొగుడి మగ్గం విప్పి కట్టెలు పైన కట్టేశారు గానీ గుంతను అట్లనే వదిలేశారు.

కొట్టానికి కిటికీ లేదు. గాలొస్తే దుమ్ము వస్తుంది, దుమ్ము వస్తే పడుగు పాడవుతుందని మామ కిటికీ పెట్టలేదు. మూడు పక్కల నిలబెట్టిన నాపబండలు, దక్షిణం వైపు మట్టిగోడ, పైన రేకులు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల సంధ్యవేళే. సరిగ్గా ఆ వేళకే గంగాదేవి స్విచ్చి తీసేసేది.

“అక్కా, లైటూ!”

“ఇంత ఎండ కాస్తాంటే లైటేమిటికే పార్వతీ? మీటరు గిర్రున తిరుగుతాండాది.”

కొట్టంలో ఎండ ఉండదని ఎండలో నిలబడ్డవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? గంగాదేవి చెడ్డదేం కాదు. మళ్ళీ వేసేది. కాకపోతే అడిగించుకుని వేసేది. ఆ ఇంటివాళ్ళు మంత్రాలయం పోయిన రోజున మాత్రం అడగడానికీ మనిషి ఉండదు. ఇల్లు తాళం వేసేటప్పుడు మెయిను దించడం రామలింగప్ప అలవాటు. ఆ రోజంతా శివపార్వతి గడప మీద కూర్చుని నూలు కండెలు చుట్టేది.

రామలింగప్ప నేత మానేసి చాలా ఏళ్ళయింది. షావుకారి దగ్గర పడుగులు తెచ్చి ఊళ్ళో మగ్గాలకు ఇవ్వడం, నేసిన చీరలు తీసుకుపోయి అప్పజెప్పడం ఇప్పుడాయన పని. అంటే శివపార్వతికి నూలూ ఆయన చేతుల మీదుగానే రావాలి, వెలుతురూ ఆయన గోడల మీదుగానే రావాలి. దీన్ని మన ఊళ్ళల్లో కలిసి ఉండటం అంటారు. కలిసి ఉన్నచోట ఒకరి చేతిలో స్విచ్చి ఉంటుంది, ఇంకొకరి గొంతులో కేక ఉంటుంది. “విడిపోయారా?” అని ఎవరైనా అడిగితే మాత్రం ఇద్దరికీ తలవంపులే.

ఇట్లా ఎన్నేళ్ళయినా గడిచేవే. ఆ ఎండాకాలం మగ్గం షాకు కొట్టడం మొదలుపెట్టింది.

గుంత మగ్గం చూడనివాళ్ళ కోసం ఒక మాట. నేసే మనిషి గుంత ఒడ్డున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి కింది పలకలు తొక్కాలి. నేలలోని చల్లదనం గుంతలోంచి పైకి లేచి పడుగును మెత్తగా ఉంచుతుంది. మా ఎండలకు ఆ తడి నిలవదు. అందుకని తెల్లవారుజామునే గుంతలో చెంబులతో నీళ్ళు చల్లుతారు. చల్లకపోతే నూలు పెళుసెక్కి పటపట తెగుతుంది. శివపార్వతికి ఇది అత్త నేర్పిన పని. మొహం కడుక్కునే ముందు గుంత కడుపు తడపాలి.

ఆ రోజు కూడా తడిపి, కాళ్ళు దింపి, పైనుంచి వేలాడే ఇనుప కడ్డీని సరిచెయ్యబోయింది. ఎవరో లోపల్నుంచి నరం పట్టి లాగి వదిలినట్టయింది. చెయ్యి దానంతటదే ఎగిరిపడింది. ఒళ్ళు బాగాలేదేమో అనుకుంది. మరుసటి రోజూ అంతే. మూడోసారి అరిచింది.

మట్టిగోడ అవతలి నుంచి ఒక గొంతు పలికింది. “ఏం శెట్టమ్మా, పాము గాని వచ్చెనా?”

గోడ అవతల గొంది. ఆ గొందిలో మాదిగల ఇళ్ళు. ఆ గొంతు రాహేలమ్మది, బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. ఇద్దరూ ఏళ్ళ తరబడి గోడకు అటూ ఇటూ మాట్లాడుకున్నారు గానీ ఒకరి ఇంటికి ఒకరు పోయింది లేదు.

“పాము గాదు రాహేలమ్మా. మగ్గం గుంజుతాండాది.”

“మగ్గం గుంజేదేంది తల్లీ! కరెంటేమో చూపించుకో.”

బావకు చెప్పింది. రామలింగప్ప నవ్వాడు.

“కట్టెకు కరెంటెట్ల వస్తాది పార్వతీ? చిన్నపిల్లోల్ల మాదిరి మాట్లాడ్తాండావు.”

“వచ్చి చూడు బావా.”

వచ్చాడు. చెప్పులతోనే లోపలికొచ్చాడు. తండ్రి బతికున్న రోజుల్లో ఆ కొట్టంలోకి చెప్పులతో ఎవరైనా అడుగుపెడితే అచ్చుకర్రతో కాలి మీద పడేది. నేత మానేసినవాడికి అది కూడా మరుపుకొచ్చింది. గట్టు మీద నిలబడి కడ్డీ పట్టుకున్నాడు, ఊపాడు.

“ఏమీ ల్యా. చూడు, పట్టుకున్యా.”

“చెప్పులు ఇడిసి గుంతలోకి దిగి పట్టుకో బావా.”

“నేను గుంతలో దిగి ఎన్నేండ్లాయ! ప్యాంటు తడిస్తే నువ్వు ఉతుకుతావా?” కడ్డీ వదిలేసి చేతులు దులుపుకున్నాడు. “గుంత తడిపితేనే కదా కొడతాదంటాండావు? తడపడం మానుకో. అదీ మానుకుంటాది.”

చెప్పులేసుకున్నవాడికి షాకు అబద్ధం. వట్టికాళ్ళ మనిషికి అదే నిజం. ఈ దేశంలో చాలా తగాదాలు ఇట్లాంటివే.

శివపార్వతి తడపడం మానేసింది. షాకు ఆగింది. పడుగు తెగడం మొదలయింది. నాడె అటు పోయి ఇటు వచ్చేలోపల ఒక పోగు. అతుకు, మళ్ళీ ఒకటి, అతుకు. చీర మగ్గం దిగడానికి మామూలు కంటే రెండింతలు పట్టింది. రామలింగప్ప దాన్ని వెలుతురులో పట్టి చూసి మూతి విరిచాడు.

“ఏమిది పార్వతీ, ఒళ్ళంతా ముళ్ళే? షావుకారు నా మొగం మీద ఇసిరేస్తాడు.”

అప్పుడామెకు అర్థమైంది, తను ఎక్కడ ఇరుక్కుందో. వెలుతురు కావాలంటే తడి వదులుకోవాలి. తడి కావాలంటే వెలుతురు వదులుకోవాలి. నెయ్యడానికి రెండూ కావాలి.

మరుసటి రోజు పొద్దున్నే లైటు వేయించుకుని గుంత తడిపింది. దిగే ముందు వీధి వింత కేక విన్నది.

“అక్కా, లైటు తీసెయ్!”

గంగాదేవి పెరట్లోకొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. “ఇన్నేండ్లూ వెయ్యి వెయ్యి అని పానం తీసి ఇప్పుడు తీసెయ్యంటాండావా? నీకు పిచ్చి పట్టెనా ఏమన్నానా?”

కొట్టం తలుపు బార్లా తెరిచి, వచ్చినంత వెలుతురులో, తడి గుంతలో కూర్చుని శివపార్వతి నేసింది. అంచు పువ్వులు కనపడక సాదా నేత మాత్రమే సాగేది. పొద్దు నెత్తికెక్కేసరికి ఆ వెలుతురు గడప దగ్గరే ఆగిపోయేది. మధ్యాహ్నానికి గుంత ఎండేది. అప్పుడు లైటు వేయించుకుని, భయం భయంగా తెగిన పోగులు అతుక్కునేది. రాత్రి కూతురు ఫోను చేసింది.

“వదిలేసి ఈడికి రామ్మా. ఒకరి చేతి కింద ఎన్నాళ్ళుంటావు?”

“నువ్వుండేది మూడో అంతస్తు. ఆడ గుంత యాడ తవ్వుదును చెప్పు?”

శశికళ నవ్వబోయి ఆగిపోయింది. తల్లికి వేరే పని ఏదీ రాదని ఇద్దరికీ తెలుసు.

ఆ వారంలోనే గొందిలో ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయింది. గ్రామ సచివాలయంలో కరెంటు పని చూసే భూపేష్ వచ్చి బాగు చేశాడు. దిగగానే రాహేలమ్మ అతని చొక్కా పట్టుకున్నంత పని చేసింది.

“ఒరే నాయనా, ఈ గోడెనకాల ఒకామె దినామూ అరుస్తాండాది. చచ్చినంక వస్తావా, బతికుండంగా చూస్తావా?”

భూపేష్ వీధి తిరిగి పెరట్లోంచి కొట్టంలోకొచ్చాడు. లైటు వేయించి, టెస్టరు తీసి కడ్డీకి ఆనించాడు. ఎర్రగా వెలిగింది. మగ్గం మేకుకు ఆనించాడు, వెలిగింది. పైకెక్కి చూస్తే సంగతి తెలిసింది. తీగ రేకు అంచు మీద ఏళ్ళ తరబడి ఒరుసుకుని తోలు ఊడిపోయింది. రేకుల్లోకి, రేకుల్లోంచి కడ్డీల్లోకి కరెంటు పారుతోంది.

“అక్కా, గుంతలో నీళ్ళు పోసుకుని దీంట్లో కూకుంటాండావా? ఎట్ల బతికినావు నువ్వు?”

“ఎట్లనో.”

అతను స్విచ్చి తీయించి తీగ అక్కడికక్కడే కత్తిరించాడు. “ఇది ఇట్లనే వదిలిపెడితే నీ పానం పోతాది, నా ఉద్యోగం పోతాది. కొత్త తీగ, ఎర్తు సరిగ్గా వేయించమని మీ బావకు చెప్పు. ల్యాకుంటే నీకంటూ ఒక మీటరు పెట్టించుకో.”

“పెడ్తారా?”

“ఇంటి నెంబరు ఉంటే పెడ్తాం. వేరే వాకిలి ఉంటే నెంబరు ఇస్తారు. ఇప్పుడు నీకుండే వాకిలి మీ బావ పెరట్లోకి కదా. ఒక వాకిలికి ఒకే ఇల్లు, ఒకే మీటరు. వీధి వైపు యాడన్నా వాకిలి తెరుచుకుంటావా?”

వీధి వైపున్నది దక్షిణపు మట్టిగోడ ఒక్కటే. దాని వెనక గొంది.

సాయంత్రం రామలింగప్ప కోసిన తీగను చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “ఎవురు కొయ్యమన్యారు? నన్నొక మాట అడిగేది ల్యా?”

“కొత్త తీగ వెయ్యి బావా.”

“వేస్తా. శ్రావణం పోనీ.”

“అందాక చీకట్లో ఎట్ల నేసేది? దక్షిణం గోడకు వాకిలి పెట్టుకుని మీటరు తెచ్చుకుంటా.”

రామలింగప్ప గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. “దక్షిణం వాకిలా? ఇంటికి అరిష్టం పార్వతీ. ఐనా ఆ గొందిలోకా? వాళ్ళ కొళాయికి ఎదురుగా మన ఇంటి వాకిలా?”

దక్షిణం శాస్త్రం, గొంది కులం. మొదటిదాన్ని ముందు పెట్టుకుని వచ్చాడు గానీ రెండోది నోరు జారింది. శివపార్వతికి రెండూ వినపడ్డాయి. ఆయన కొట్టంలోకి తల పెట్టి చూసి ఇంకో మాట అన్నాడు. అది మాత్రం ఆమెను గుచ్చింది.

“వాకిలి యాడ పెడ్తావు? గోడ కింద తమ్ముని గుంత ఉండాది. దాన్ని పూడిస్తే గానీ అడుగు పెట్టేకి కాదు. ఒకసారి పూడ్చినాము కదమ్మా వాన్ని. నువ్వు రెండోసారి పూడుస్తావా?”

వాళ్ళది మెడలో లింగం కట్టుకునే కులం. చనిపోయినవాళ్ళను పడుకోబెట్టరు. గుంత తీసి, కూర్చోబెట్టి, చుట్టూ విభూది పోసి పూడుస్తారు. ఉమామహేశ్వరను కూడా అట్లనే, మగ్గంలో కూర్చున్నట్టే కూర్చోబెట్టారు. కరోనా రోజులు కాబట్టి నలుగురు మనుషులే ఉన్నారు. ఆమెను దూరంగా నిలబెట్టారు. మట్టి పడుతున్న చప్పుడు తప్ప ఆమెకేమీ కనపడలేదు.

బావ పోయాక శివపార్వతి మొగుడి గుంతలోకి దిగింది. అతను పోయాక దిగడం అదే మొదలు. అడుగున పలకలు లేవు, దుమ్ము ఉంది, ఒక మూల రెండు బీడీ ముక్కలున్నాయి. ఒడ్డున కూర్చుని తన మగ్గం వైపు చూసింది. అతనికి ఇక్కడి నుంచి తను ఎట్లా కనపడేదో తెలిసింది. వంచిన తల, పోగు అతికే చేతులు, అంతే. చీకటి పడేదాకా కూర్చుంది. లైటు వెయ్యమని కేక వెయ్యడానికి తీగ కూడా లేదు.

మూడు నాలుగు రోజులు ఆ మాటే ఆమెను పట్టుకుంది. గడ్డపార చేతికి తీసుకునేది, గోడకు ఆనించేది, కూర్చునేది. బావ అన్నది మామూలు బెదిరింపు అయితే తోసేసేది. ప్రేమ పూసి అన్నాడు. ప్రేమ పూసిన మేకు పీక్కోవడం కష్టం.

చివరికి గోడ అవతల రాహేలమ్మ అంట్లు తోముతున్న చప్పుడు విని అడిగింది. “రాహేలమ్మా, మీలో చచ్చిపోయినోళ్ళ మంచం ఏం చేస్తారు?”

“ఏం చేస్తాం తల్లీ, కడిగి ఎండేసి పండుకుంటాం. ఒక మంచమే కదా ఉండేది.”

శివపార్వతి గడ్డపార ఎత్తింది.

మొదటి పోటుకు గోడలోంచి గడ్డిపోచలతో కూడిన మట్టి రాలింది. రెండో పోటుకు అవతలి నుంచి కూడా పోటు పడింది. “నువ్వు లోపల్నుంచి పొడువు శెట్టమ్మా, నేను ఈ పక్కనుంచి పొడుస్తా. ఒక్కదానికే ఎప్పటికి తెగుతాది?” కాసేపటికి గోడలో పిడికెడు వెలుతురు పడింది. అందులోంచి రాహేలమ్మ కన్ను కనపడింది. ఏళ్ళ తరబడి విన్న గొంతుకు అంత నెరిసిన కనుబొమ్మ ఉంటుందని శివపార్వతి అనుకోలేదు.

“ఓహో, ఇంత పొట్టిదానివా నువ్వు!” అని నవ్వింది రాహేలమ్మ.

పడిన మట్టిని ఎక్కడ పొయ్యాలని ఆలోచించే పనే లేకపోయింది. గోడ మట్టి గుంతకు సరిపోయింది. గంపతో ఎత్తి పోస్తున్నప్పుడు శివపార్వతి ఏడవలేదు. బీడీ ముక్కలు తీసి పారెయ్యాలా వద్దా అని మాత్రం ఒక్క క్షణం ఆగింది. తియ్యలేదు. వాటి మీదే పోసింది.

ఇంటి నెంబరుకు సచివాలయం మెట్లు ఎక్కి దిగింది. “భర్త పేరు మీద ఉందా?” అన్నారు. “భర్త అన్న సంతకం కావాలి” అన్నారు. “అన్ననా, వాకిలినా మీరు చూసేది?” అని రాహేలమ్మ వెంట పోయి గట్టిగా అడిగితే, వాకిలి చూశారు. చివరికి భూపేష్ మీటరు పెట్టెను కొత్త తలుపు పక్కన బిగించాడు. పూడ్చిన గుంత మూలలో మట్టి ఇంకా వదులుగా ఉంది. అందులో బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు కడ్డీ దించాడు.

“అక్కా, ఒకటి గుర్తు పెట్టుకో. ఈడ మట్టి ఎప్పుడూ తడిగా ఉండాల. ఎండాకాలంలో బిందెడు నీళ్ళు పోస్తాండు. ఎండిపోయిందంటే ఎర్తు పనిచెయ్యదు. మళ్ళీ పాత కథే.”

“రెండు గుంతలు తడపాల్నా?”

“ఆ. ఒకటి నూలుకు, ఒకటి నీ పానానికి.”

మరుసటి పొద్దున శివపార్వతి తన చేత్తో స్విచ్చి వేసింది. తీసింది, మళ్ళీ వేసింది. వీధిలో కేక వినపడలేదు. గంగాదేవి మాత్రం అలవాటుకొద్దీ లేచి, నడవాలోకి పోయి చివరి స్విచ్చి వేసిందట. ఎక్కడికీ పోని స్విచ్చి. “నా చెయ్యే నా మాట ఇనల్యా” అని పెరటి తలుపు దగ్గరికొచ్చి చెప్పి నవ్వింది. ఆ తలుపులోంచి ఇద్దరూ నవ్వుకోవడం ఆ రోజుతో సరి.

మధ్యాహ్నం రామలింగప్ప పడుగు తెచ్చిచ్చాడు. ఇవ్వకుండా ఉండలేడు, ఆ అంచు నేసే చెయ్యి ఊళ్ళో ఇంకొకటి లేదు. ఇచ్చి, పెరటి తలుపుకు అటువైపు గొళ్ళెం పెట్టాడు.

“ఏం బావా?”

“నీకు నీ వాకిలి ఉండాది కదమ్మా. ఇంగ ఈ వాకిలేమిటికి? చీర దిగినంక కబురు చెయ్, తీస్తా.”

తిట్టలేదు, కొట్టలేదు. గొళ్ళెం పెట్టాడు. బోరు కొళాయి పెరట్లో ఉంది. స్నానాల గది పెరట్లో ఉంది, మరుగుదొడ్డి పెరట్లో ఉంది. కరెంటు వచ్చిన రోజునే శివపార్వతికి నీళ్ళు పోయాయి.

ఆ సాయంత్రమే రాహేలమ్మ తన ఇంటి మరుగుదొడ్డి తలుపు చూపించింది. శివపార్వతి తల దించుకుని పోయింది, తల దించుకుని వచ్చింది. నీళ్ళ మాట వచ్చేసరికి మాత్రం వెనకాడింది. దొడ్డి వాడుకోవడానికి అడ్డురాని కులం బిందె దగ్గర అడ్డొచ్చింది. ఇందులో రామలింగప్ప తప్పేం లేదు. ఇది ఆమె లోపల ఉన్న గొళ్ళెం.

“ఎల్లుండి కొళాయి వస్తాది, బిందె తెచ్చుకో శెట్టమ్మా” అంది రాహేలమ్మ.

“చూస్తాలే.”

“ఏం చూస్తావు? నీళ్ళలో చూసేకి ఏముంటాది?”

కొట్టంలోని తొట్టి నీళ్ళతో రెండు రోజులు సరిపెట్టింది. వంటకు, తాగడానికి, గుంతకు. మూడో పొద్దుకు తొట్టి అడుగు కనపడింది. లైటు ధగధగ వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, కింద గుంత నోరు తెరుచుకుని ఎండి ఉంది. నాడె నాలుగుసార్లు ఆడేసరికే ఒక పోగు తెగింది. అతికింది. ఇంకోటి తెగింది.

అప్పుడు పెరటి తలుపు కింది సందులోంచి ఏదో కదిలింది. చూస్తే చెట్లకు నీళ్ళు పట్టే పైపు కొస. ఒక జానెడు లోపలికి జరిగి ఆగింది. తలుపు అవతల గాజుల చప్పుడు.

“అక్కా?”

“గట్టిగా మాట్లాడొద్దు” అంది గంగాదేవి. “ఆయప్ప మిద్దె మీద ఉండాడు. బిరబిర పట్టుకో.”

నీళ్ళొచ్చాయి. శివపార్వతి పైపు కొసను లోపలికి లాగి బిందెలో పెట్టింది. ఆ గాజుల మనిషికి కూడా ఆ ఇంట్లో ఏ స్విచ్చీ సొంతం కాదని ఆమెకు మొదటిసారి తట్టింది. ఇన్నేళ్ళూ తను కేక వేసి అడిగింది, ఆమె కేక కూడా వెయ్యలేకపోయింది. బిందె నిండింది. పైపును గుంతలోకి తిప్పబోతుండగా నీళ్ళు సన్నబడ్డాయి. బుడగలు వచ్చాయి. ఆగిపోయాయి. పైన మిద్దె మీంచి రామలింగప్ప గొంతు నిదానంగా వినపడింది.

“గంగా, మోటరు ఎవురు ఏసినారు?”

పైపు తలుపు కిందినుంచి మెల్లగా వెనక్కి జరిగి మాయమయింది. శివపార్వతి దాన్ని పట్టుకోలేదు. పట్టుకుంటే అవతలి మనిషి దొరికిపోతుంది.

నిండిన బిందె ఒకటి ఉంది. తాగితే గుంతలకు లేదు, గుంతలకు పోస్తే తాగడానికి లేదు. రెండు గుంతల నడుమ నిలబడి ఆమె ఎంతసేపు ఆలోచించేదో గానీ, అంతలో గొందిలో కొళాయి గుర్రుమంది. బిందెల గలగల, ఆడవాళ్ళ అరుపులు. రాహేలమ్మ కొత్త వాకిట్లోకి తల పెట్టింది.

“వస్తావా రావా? అరగంటలో నిలిచిపోతాది. మళ్ళీ ఎల్లుండే.”

శివపార్వతి ఉన్న బిందెలో సగం తన గుంతలో కుమ్మరించింది. మిగిలిన సగం ఎర్తు కడ్డీ మొదట్లో పోసింది. ఇంక ఇంట్లో తాగడానికి చుక్క లేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని దక్షిణపు వాకిలి దాటింది.

వరస పొడుగ్గా ఉంది. ఎవరూ జరగలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఒక పడుచుపిల్ల కిసుక్కున నవ్వి, “ఏం శెట్టమ్మా, మా నీళ్ళు మీ మగ్గానికి పనికొస్తాయా?” అంది.

శివపార్వతి బిందె చంక మార్చుకుంది. “తెల్దమ్మా” అంది. “ఇంతవరకూ పొయ్యల్యా.”

రాహేలమ్మ ముందునుంచి వెనక్కి తిరిగి, “నా ముందుకు రా” అని చెయ్యి ఊపింది. శివపార్వతి తల అడ్డంగా ఊపి, వరస చివరికి నడిచి, ఆఖరి బిందె వెనక తన బిందె పెట్టింది. ముందున్న బిందెలు లెక్కపెట్టలేదు. కొళాయి ధార అప్పటికే సన్నగా ఉంది. వెనక్కి చూస్తే తన వాకిట్లోంచి బల్బు వెలుగు గొందిలోకి పడుతోంది. పోయి ఆర్పి రావచ్చు. స్విచ్చి ఆమెదే. కానీ వరస వదిలితే చోటు పోతుంది. నిలబడింది.